సంతలో మాట వినబడేంత దూరం

గోడలు లేని చోట పదిమంది కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకోవడం అనగానే ఇవాళ మన కళ్లముందు మెదిలేది మాదాపూర్‌లోనో రుషికొండ మీదో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు హాలు. వరసగా బల్లలు, బల్లకో కంప్యూటరు, పక్క సీటు ఫోను సంభాషణ పొల్లుపోకుండా మన చెవిన పడే ఏర్పాటు. ఆ మాటల మధ్య పని సాగక హెడ్‌ఫోన్లు తగిలించుకునే ఉద్యోగులు, పైకప్పుకు మెత్తటి పలకలు బిగించే ఇంజనీర్లు, ఇదంతా ఈ కాలం తెచ్చిన సమస్యే అనుకుంటాం. అలా అనుకోవడం వల్ల ఒక పెద్ద చరిత్ర మన లెక్కలోంచి జారిపోతోంది. తూర్పు కనుమల్లో, అరకు లోయ చుట్టుపక్కల కొండ ఊళ్లలో గోడలు లేని పనిచోట్లు తరతరాలుగా ఉన్నాయి. వారపు సంత, ధింసా నృత్యం ఆడే బయలు, కొలిమి సాల, పోడు చేను, పెద్దమనుషులు కూర్చునే రాళ్ల చప్టా, అన్నీ అటువంటివే. వాటిలో చప్పుడును అదుపులో పెట్టడానికి అక్కడివాళ్లు మూడు సాధనాలు వాడుకున్నారు: దూరం, వేళ, ఒప్పందం. ఈ మూడింటిలో చివరిదే అసలైనదని నా వాదన. చప్పుడు చేసేవాడు దాన్ని వినేవాళ్లకు జవాబు చెప్పుకోవలసిన మనిషిగా ఉన్నంతకాలం మిగతా రెండూ పనిచేశాయి. ఆ జవాబుదారీ తెగిపోయాకే అరకు కొండల్లో మోత మొదలైంది.

ముందు సంత సంగతి. ఈ కొండలకూ మైదానానికీ మధ్య సరుకు నడిచిన కథ పాతది. 1869లో కార్మైకేల్ రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ కూర్చిన జిల్లా గెజిటీరు తిరగేస్తే ఘాట్ దారుల వెంట ఎద్దుల మీద ఉప్పు వేసుకుని జయపురం వైపు ఎక్కిన బ్రింజారీలు కనిపిస్తారు. బిడారుకు ముందు నడిచే ఎద్దు మెడలో గంటలుండేవి. బిడారు కనబడకముందే గంటలు వినబడేవి, ఉప్పు వస్తోందని ఊరికి తెలిసేది. కొండ మీదికి ఉప్పు, గుడ్డ, ఎండుచేప ఎక్కితే, కిందికి చింతపండు, పసుపు, కరక్కాయ, అడ్డాకులు, తేనె, వలిసెలు దిగేవి. ఈ మారకం జరిగే చోటే సంత. ఒక్కో ఊరికి ఒక్కో వారం, అరకుకు శుక్రవారం. ఆ రోజుకు ఆ మైదానం బజారు మాత్రమే కాదు. అప్పులు తీర్చుకునే చోటు, పెళ్లి సంబంధం మాట్లాడుకునే చోటు, తగువు చెప్పుకునే చోటు, కత్తికి పదును పెట్టించుకునే చోటు, 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టాక అటవీ ఉత్పత్తుల తూకం వేయించుకునే చోటు కూడా. ఇన్ని రకాల పనులు, ఏ గోడా లేకుండా, ఒకే పూట జరగాలి. వీటిలో కొన్నిటికి గట్టిగా అరవాలి, కొన్నిటికి గుసగుస చాలు, కొన్నిటికి లెక్క తప్పకుండా వినబడాలి. నేటి ఆఫీసు రూపశిల్పి ఎదుట ఉన్న చిక్కు సరిగ్గా ఇదే.

కొండ సంతలో ఈ చిక్కు ఎలా విడిపోతుందో చూడండి. మేకలు, కోళ్లు, పందులు సాధారణంగా సంతకు ఒక అంచున ఉంటాయి. అరుపులన్నీ అక్కడే. కత్తులు, గొడ్డళ్లు, నాగటి కర్రులు తెచ్చే కొండ కమ్మరుల వరస మరో పక్క. కల్లు, ఇప్పసారా పంచుకునే గుంపులు చెట్ల కిందికి జరుగుతాయి. నడిమధ్యన, రెండు వరసలుగా, ఎదురెదురుగా కూర్చునేది ఆడవాళ్లు. ఒక పట్టా, దాని మీద పసుపు కొమ్ములో రాజ్మానో అల్లమో కుప్ప, పక్కన ఒక కొలత. కొనేవాడు నిలబడి అడగడు, కూర్చుంటాడు. కూర్చున్నాక ఇద్దరి ముఖాల మధ్య మీటరు దూరం కూడా ఉండదు. కుంచంతోనో సోలతోనో కొలుస్తూ పైకి లెక్కపెడతారు. తొలి కొలతకు ఒకటి అనకుండా లాభం అనడం తెలుగునాట కొలతల ఆనవాయితీ. ఆ లెక్క ఇద్దరికి, మహా అయితే పక్కన కూర్చున్న సాక్షికి వినబడితే చాలు. అంతకు మించి వినబడవలసిన అవసరం లేదు కనుక ఎవరూ గొంతు పెంచరు.

దీని వెనక ఉన్న భౌతికశాస్త్రం సులువైనది. ఆరుబయట ఒక చోటునుంచి పుట్టిన శబ్దం దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మామూలు మాట మీటరు దూరంలో 60 డెసిబెల్స్ దాకా ఉంటే, ఎనిమిది మీటర్ల దగ్గరకు వచ్చేసరికి 42కు పడిపోతుంది. అంటే మూడు నాలుగు పట్టాల అవతల ఆ బేరం సంత రొదలో కలిసిపోతుంది. ఇదే మాట నాలుగు గోడలూ గట్టి పైకప్పూ ఉన్న హాల్లో అంతగా తగ్గదు, ఎందుకంటే గోడకు తగిలి మళ్లీ వెనక్కి వస్తుంది. సంతకు పైకప్పు ఆకాశం. పైకి పోయిన శబ్దం పోయినట్టే. కింద పచ్చిక, మట్టి, ఎండుటాకులు. అవీ కొంత మింగుతాయి. ఆఫీసు హాల్లో ఖరీదైన పలకలతో, కార్పెట్లతో సాధించాలని చూసే స్థితి ఇక్కడ చోటు ఎంపికలోనే ఉంది.

రెండో సంగతి ఇంకా ఆసక్తికరమైనది. తోటివారి మాటలు పనికి అడ్డం రావడానికి కారణం వాటి బిగ్గరతనం కన్నా వాటి స్పష్టత అని యాభై ఏళ్లుగా జరిగిన పరిశోధనలు తేల్చాయి. అర్థమయ్యే ఒక్క గొంతు మనసును లాగేసినంతగా అర్థం కాని పది గొంతుల కలగలుపు లాగదు. ఆఫీసుల్లో సన్నని హోరు వినిపించే యంత్రాలు పెట్టేది ఇందుకే. సంతలో ఆ కలగలుపు దానంతటదే ఉంది. కొటియల ఆదివాసీ ఒడియా, కోదుల కువి, కొండదొరల కూబి, గదబల గుతోబ్, భగతల తెలుగు, వ్యాపారుల మైదాన తెలుగు, అన్నీ ఒకేసారి సాగుతుంటాయి. ఇన్ని భాషల మధ్యనుంచి తనకు కావలసిన గొంతును ఏరుకోవడం మనిషి చెవికి తెలుసు. 1953లో శాస్త్రవేత్త కొలిన్ చెర్రీ ప్రయోగాలతో నిరూపించి చూపింది ఈ నేర్పునే. అయితే ఒక షరతు ఉంది. చుట్టూ ఉన్న రొద ఒక హద్దు దాటితే ప్రతివాడూ తెలియకుండానే గొంతు పెంచుతాడు, దానివల్ల రొద ఇంకా పెరుగుతుంది. 1911లో ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ గుర్తించిన స్వభావం ఇది. సంతకు శత్రువు ఈ పరుగుపందెమే. పట్టాల మధ్య ఎడం, అరిచే జంతువులను అంచుకు నెట్టడం, కూర్చుని బేరమాడడం, మూడూ కలిసి ఆ పందెం మొదలవకుండా ఆపుతాయి. బిగ్గరగా మాట్లాడకుండానే రహస్యం కాపాడుకునే ఉపాయం మైదాన ప్రాంతపు పశువుల సంతల్లో మరీ ముదిరింది. అక్కడ దళారులు తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. వందమంది చూస్తుండగా, ఒక్క చెవిన పడకుండా బేరం తెగుతుంది.

ఇక్కడొక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. మేకలను అంచున కట్టేది వాసన వల్ల, పేడ వల్ల. కొలిమిని ఊరికి ఎడంగా పెట్టేది గడ్డికప్పులకు నిప్పు అంటుకుంటుందన్న భయం వల్ల. వీటిని శబ్ద నియంత్రణ అనడం చదువుకున్నవాళ్లు తమ బుద్ధిని పాతకాలం మీద రుద్దడమే కదా? నిజమే, ఒక్క శబ్దం కోసమే ఎవరూ సంత గీయలేదు. ఒక ఏర్పాటు నాలుగు అవసరాలను ఒకేసారి తీర్చినప్పుడే నిలుస్తుంది. వాసన, నిప్పు, పేడ, చప్పుడు నాలుగూ ఒకే దిక్కుకు తోస్తున్నాయి కాబట్టే ఆ ఏర్పాటు ఎవరూ పట్టుబట్టి కాపాడకుండానే సాగింది. దీనికన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది. డప్పు, తుడుము, మోరి వాయించే వాద్యకారుల వాడలను ఊరికి దూరంగా ఉంచింది చప్పుడు భయంతో కాదు, అంటుతో. ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ప్రచురించిన సంపుటాల్లో ఇవాళ వాల్మీకులుగా చెప్పుకునే వారిని నేతగాళ్లుగా, వాద్యకారులుగా వర్ణించాడు. వాద్యం వాళ్లది, పండుగ అందరిది, ఇల్లు మాత్రం ఊరి చివర. ఈ నిజాన్ని దాచి పాత ఏర్పాటును పొగడడం అన్యాయం. దూరం ఒక సాధనం మాత్రమే. ఎవరిని దూరం పెట్టాలన్నది ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్న ఆ రోజుల్లోనూ ఉంది, దానికి ఆ రోజుల్లో దొరికిన జవాబు సరైనది కాదు. నేను వెతుకుతున్నది పోయిన స్వర్ణయుగం కాదు. పనిచేసిన పద్ధతిలో పనికొచ్చే భాగం.

వేళ విషయానికొస్తే సాక్ష్యం ఇంకా దట్టంగా ఉంది. ఈ కొండల్లో డప్పు ఎప్పుడు పడితే అప్పుడు మోగేది కాదు. పండుగ ఏ రోజున పడాలో దిసారి చూసి చెబుతాడు. ఊరికి కబురు అందించే పని బారికిది. చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారులు కాచి పాటలు పాడతారు, పొలం పనులు ఆగుతాయి. పని ఆగిన రోజుల్లో మోత పెరుగుతుంది. విత్తనాలు పడ్డాక తగ్గుతుంది. ధింసాలోనే ఈ లెక్క కనబడుతుంది. గ్రామదేవతను కొలిచే బోడ ధింసా, పులి భయాన్ని అభినయించే భాగ్ ధింసా, ఆకులు ఏరే పనిని చూపే పొటర్ తోలా, దీపావళికి వాల్మీకులు ఆడే నాటికారి, దేనికదే ఒక సందర్భానికి కట్టుబడిన ఆట. పెళ్లి డప్పు వేరు, చావు డప్పు వేరు. పక్క కొండ మీద చేలో ఉన్న మనిషి దరువు విని తాను రావాలో అక్కర్లేదో తేల్చుకుంటాడు. తుడుము లాంటి బరువైన నాదం అడవిలో ఆకులకు చిక్కకుండా దూరం పోతుంది కాబట్టే ఈ కబురు పద్ధతి పుట్టింది. ఇక పోడు చేలో అయితే చప్పుడే పనిముట్టు. పంట పాలు పోసుకునే వేళ మంచె మీద కూర్చుని చిలకలను, రాత్రిళ్లు అడవిపందులను తరిమేది వడిసెలతో, కేకలతోనే. అక్కడ నిశ్శబ్దం అంటే పంట నష్టం. కాబట్టి ఈ కొండల మనిషికి శబ్దం మీద ద్వేషం లేదు. ఏ చప్పుడుకు ఏ వేళ అన్న తెలివి ఉంది.

రాత్రంతా సారా తాగి డప్పులు కొట్టే ఊళ్లకు శబ్ద క్రమశిక్షణ అంటగట్టడం ఏమిటని కొందరు అడగవచ్చు. పండుగ రాత్రి తెల్లవార్లూ మోగేమాట నిజం. అయితే ఆ రాత్రి ఊళ్లో నిద్రపోవాలనుకునేవాళ్లు ఎవరు? వాయించేవాడు, ఆడేది, చూసేవాడు, అందరూ ఒకే ఊరివాళ్లు, మర్నాడు పనికి సెలవు అని ముందే తెలిసినవాళ్లు. ఒకరికి పండుగ, మరొకరికి పనిరోజు అయినప్పుడే గొడవ. ఆ గొడవ తేల్చుకునే చోటూ ఊళ్లోనే ఉండేది. 1943లో అచ్చయిన వ్యాసంలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గదబల ఊళ్లలో పెద్దలు కూర్చునే సదరు గురించి రాశాడు. పరిచిన రాళ్లు, నిలువు రాళ్లు, ఊరి మధ్యన సభ. రాళ్ల మీద దగ్గరదగ్గరగా కూర్చున్నప్పుడు ప్రతి గొంతూ మిగతా అందరికీ ఇంచుమించు సమానంగా అందుతుంది, ఎవరూ అరవనక్కర్లేదు. పండుగ ఎన్నాళ్లు, తగువు ఎవరిది, ఎవరి మేక ఎవరి చేలో పడింది, ఇవన్నీ తేలేది అక్కడే. చప్పుడు మీద ఫిర్యాదు వస్తే అది చెప్పుకునే చోటు, చప్పుడు చేసినవాడు కూర్చునే చోటు ఒకటే కావడం ఆ ఏర్పాటులోని అసలు బలం.

కట్టడాల గురించి కొంచెం చెప్పాలి. మట్టిగోడ, గడ్డికప్పు ఉన్న ఇల్లు శబ్దానికి మంచి ఇల్లు. మట్టి బరువు బయటి చప్పుడును ఆపుతుంది, గడ్డి లోపలి చప్పుడును మింగుతుంది, వాన పడితే సద్దు చేయదు. గట్టి రాయి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ తేడా వినాలంటే అరకు దారిలోనే ఉన్న బొర్రా గుహలు చాలు. సున్నపురాయి గోడలు, గుమ్మటం లాంటి పైకప్పు. ఒక చప్పట్లో ఒక కేకో వేస్తే అది తేలిగ్గా చావదు, తర్వాతి మాట మీద పడి దాన్ని చెరిపేస్తుంది. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో ఇదే జబ్బు వస్తే వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడు రాత్రిళ్లు కూర్చుని పక్క నాటకశాలలోని కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి కొలతలు తీశాడు. ఖాళీ హాల్లో మాట ఐదు సెకన్లకు పైగా మోగేది. దిండ్లు పెరిగేకొద్దీ ఆ మోత తగ్గింది. గది ఎంత పెద్దదైతే మోత అంత ఎక్కువ, మెత్తని ఉపరితలం ఎంత పెరిగితే అంత తక్కువ అన్న సూత్రం అలా పుట్టింది. ప్రపంచంలో ఏ ఆఫీసు హాలు లెక్క వేసినా ఇప్పటికీ మొదలు అదే. ఆ సూత్రంతో చూస్తే మన కొండల్లో గడ్డికప్పు పోయి రేకు రావడం చిన్న మార్పు కాదు. ఏటా నాలుగు నెలలు గట్టి వానలు కురిసే సీమలో, రేకు కప్పు కింద బడి పెడితే, వాన పడుతున్నంతసేపూ పంతులు మాట మూడో వరస పిల్లవాడికి అందదు. గడ్డికప్పుకు చెద, నిప్పు, ఏటేటా మార్చే చాకిరీ ఉన్నాయి. రేకు వద్దనడం నా ఉద్దేశం కాదు. రేకు కింద ఒక పొర వెదురు తడక వేయించడానికి అంచనాలో చోటు లేకపోవడమే నాకు బాధ.

ఇక తెంపు ఎక్కడొచ్చిందో చూద్దాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపడానికి 1960లో ఒప్పందం కుదిరింది. దానికోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కనుమలను తొలిచి రైలుమార్గం వేశారు. 1960ల చివరికి ఖనిజం బండ్లు నడవసాగాయి. యాభైకి పైగా సొరంగాలు, సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషను, ఇంజనీర్ల నేర్పుకు ఇది నిజంగా గొప్ప నిదర్శనం. అయితే ఈ కొండలు అంతవరకు వాడుకున్న మూడు సాధనాలనూ ఈ ఒక్క మార్గం పనికిరాకుండా చేసింది. డప్పు ఒక చోటు నుంచి మోగుతుంది. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పొడవైన గూడ్సు బండి ఒక గీత నుంచి మోగుతుంది. దగ్గర్లో ఉన్న ఊళ్లకు దూరం రెట్టింపైనా తగ్గేది సుమారు 3 డెసిబెల్సే. అంచుకు జరిగి కూర్చుంటే సరిపోతుందనే పాత లెక్క ఇక్కడ సగానికి సగం తప్పుతుంది. పైగా మలుపుల్లో చక్రాల కీచు, దిగుడులో బ్రేకుల రాపిడి, సొరంగం నోట హారను. 1980ల మొదట్లో విద్యుత్ ఇంజన్లు వచ్చాక ఇంజను రొద తగ్గింది కానీ చక్రం, పట్టా మధ్య గోల తగ్గలేదు. వేళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఖనిజం బండికి చైత్రమూ లేదు, విత్తనాల కాలమూ లేదు. రేవులో ఓడ ఎదురుచూస్తుంటే అది నడవాలి. ఇక ఒప్పందం? హారను మోగించే డ్రైవరుకు ఆ ఊరు తెలియదు, సమయపట్టిక రాసిన గుమాస్తా ఎన్నడూ కొండ ఎక్కలేదు. సదరులో కూర్చోబెట్టి అడగడానికి అవతల మనిషే లేడు.

రైలు వల్ల మేలు జరగలేదా అంటే జరిగింది. ఆసుపత్రికి, చదువుకు, పసుపు అమ్ముకోవడానికి విశాఖ దగ్గరైంది. 2017లో అద్దాల పెట్టె తగిలించాక పర్యాటకులు పెరిగారు. ఆ మేలును తక్కువ చేయను. కానీ మేలు జరిగిందన్న మాటతో, ఆ మార్గం వేసేటప్పుడు ఊళ్లను ఎవరూ అడగలేదన్న మాట రద్దు కాదు. అడిగి ఉంటే మార్గం ఆగిపోయేదనీ కాదు. ఎక్కడ మట్టికట్ట వేయాలి, ఏ మలుపులో పట్టాకు నూనె పెట్టాలి, ఏ బడికి కిటికీలు ఎటు తిప్పాలి వంటి చిన్న చిన్న మాటలు అప్పుడే వచ్చేవి. శబ్ద నియంత్రణలో సగం పని ఇటువంటి చిన్న మాటలే.

అడిగే హక్కు ఉంటే ఏమవుతుందో ఇదే కొండల్లో మరో చోట తెలిసింది. అనంతగిరి మండలంలో, బొర్రా పంచాయతీ పరిసరాల్లో, ఖనిజ తవ్వకాలకు ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇచ్చారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1959 నాటి రెగ్యులేషను, దాన్ని బిగించిన 1970 సవరణ ఉండగా ఇది ఎలా చెల్లుతుందని సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ఆధిక్యంతో, ఒకరి అసమ్మతితో, ప్రైవేటు కంపెనీలూ ఈ నిషేధం కిందికి వస్తాయనీ, ప్రభుత్వ భూమి లీజుకూ అదే వర్తిస్తుందనీ తీర్పు చెప్పింది. అది భూమి కేసు. అందులో డెసిబెల్ లెక్కలు వెతికితే దొరకవు. అయినా క్వారీ అంటే తవ్వకం ఒక్కటే కాదు. పేలుడు, క్రషరు, లారీల వరస కూడా. భూమి మీద మాట చెల్లినవాడికే ఆ భూమి మీద పుట్టే చప్పుడు మీద మాట చెల్లుతుంది. ఇన్నాళ్లూ శబ్దాన్ని పర్యావరణశాఖ లెక్కగా చూశాం. ఈ కొండల్లో అది ముందు నుంచీ భూమి హక్కులో ఒక భాగం.

ఇప్పటి గొడవకు వద్దాం. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి అంటే పది నుంచి ఆరు దాకా. ఆసుపత్రులు, బడుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. నగరానికి ఇది మంచి చట్టమే. కొండ ఊరికి అది సరిపోదు. గాలి లేని పల్లె రాత్రి సహజ ధ్వని 30 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. చట్టం ఇచ్చిన 45 అంటే ఆ ఊరి లెక్కలో పదిహేను డెసిబెల్స్ చొరబాటు. అయినా నేరం కాదు. దీనికి తోడు లోయ స్వభావం ఒకటుంది. చలికాలం రాత్రి బరువైన చల్లగాలి అడుగున చేరి, దాని పైన వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. అప్పుడు పైకి పోయిన శబ్దం వంగి మళ్లీ నేలకు దిగుతుంది. అంటే అరకులో శబ్దం అన్నిటికన్నా దూరం పోయేది నవంబరు నుంచి జనవరి దాకా. గుడారాలు, క్యాంప్‌ఫైర్‌లు, స్పీకర్లు ఎక్కువయ్యేదీ ఆ నెలల్లోనే. కాఫీ పండ్లు ఏరడానికి తెల్లవారకముందే లేవవలసిందీ ఆ నెలల్లోనే. ఒకరి సెలవు, ఒకరి పనిరోజు ఇక్కడ ఢీకొంటున్నాయి. రిసార్టు ముంగిట్లో పర్యాటకుల కోసం రోజూ ఆడే ధింసాను ఈ వెలుగులో చూడాలి. దాన్ని ఆడి నాలుగు డబ్బులు తెచ్చుకునే ఆడవాళ్లను తప్పుపట్టను. ఆ సంపాదన అవసరం, ఆ కళకు గౌరవం కూడా. ఆట వేళను దిసారి చేతినుంచి టికెట్టు చేతికి మార్చినప్పుడు పక్క ఊరి నిద్ర ఎవరి లెక్కలోకీ రాకుండా పోయిందన్నదే నా ఫిర్యాదు.

సంత వేరు, ఆఫీసు వేరు. రాజ్మా కొలిచే పనికీ కోడు రాసే పనికీ పోలికేమిటనే అభ్యంతరం చివరిది. పనులు వేరన్నది నిజమే. ఏకాగ్రత చెడే తీరు మాత్రం ఒక్కటే, ఆఫీసు చరిత్ర కూడా అదే దారిలో నడిచింది. 1906లో బఫెలోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన లార్కిన్ భవనంలో గుమాస్తాలు ఒకే పెద్ద హాల్లో వరసల్లో కూర్చున్నారు. ఎక్కడ కూర్చోవాలో యజమాని చెప్పాడు. 1950ల చివర జర్మనీలో ష్నెల్లె సోదరులు వరసలు తీసేసి, ఎవరికి ఎవరితో మాటలు ఎక్కువో కొలిచి, ఆ లెక్కన గుంపులు వేసి, మధ్యలో మొక్కలు, కింద మెత్తని తివాచీ పరిచారు. 1968లో అమెరికాలో రాబర్ట్ ప్రాప్స్ట్ కదిలే తెరలు తయారు చేస్తే కంపెనీలు వాటిని ఇరుకు గళ్లుగా మార్చేశాయి. ఈ మూడు దశల్లోనూ పలక మారింది, తెర మారింది, కూర్చునేవాడిని అడగడం మాత్రం ష్నెల్లెల దగ్గర కొంత కనబడి తర్వాత మాయమైంది. ఫోను మాట్లాడే జట్టును ఒక అంచుకు, రాసుకునే జట్టును మరో అంచుకు, పిచ్చాపాటిని చెట్టు కిందికి పంపే సంత పద్ధతి ఏ ఆఫీసుకైనా పలకల కన్నా తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం. అయితే ఆ పద్ధతి నడవాలంటే కూర్చునేవాళ్లకు ఎవరు ఎటు జరగాలో మాట్లాడుకునే అధికారం ఉండాలి.

కొండ సంతల విషయంలో ఆ అధికారం కాగితం మీద ఉంది. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షన్, ఏ పేరుతో పిలిచినా సరే, గ్రామ సంతల నిర్వహణ అధికారం గ్రామసభకూ పంచాయతీకీ దక్కాలని చెబుతోంది. ఇంతలో చాలాచోట్ల సంత మైదానాల్లో కాంక్రీటు అరుగులు, రేకుల షెడ్లు లేస్తున్నాయి. ఎండకు, వానకు నీడ కావాలి. కూర్చునే ఆడవాళ్లే ముందు దాన్ని కోరతారు. కానీ గట్టి నేల, గట్టి కప్పు కలిసి ఆరుబయటి సంతను బొర్రా గుహలా మోగిస్తాయి, వాన పడితే బేరమే సాగదు. షెడ్డు నమూనా జిల్లా కేంద్రంలో గీసి పంపే బదులు, ఇంజనీరు ముందు గ్రామసభలో కూర్చుని ఈ సంగతులు తీర్మానంలో రాయించుకోవచ్చు: మేకల వరస ఏ అంచున, దినుసుల వరస ఎక్కడ, కప్పు కింద తడక వేయాలా, ఎంత ఎత్తున, పక్కలు తెరిచి ఉంచాలా, స్పీకరు పెట్టనివ్వాలా, పెడితే ఎన్నింటికి ఆపాలి, ఆపకపోతే ఎవరిని పిలవాలి. ఆ తీర్మానం ప్రతి జత కాని అంచనాకు మంజూరు ఇవ్వకూడదని పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఒక ఉత్తర్వు వేస్తే చాలు.